హెలికాప్టర్ కన్నా ముందు



హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్ళే రహదారి మీద నార్కట్‌పల్లి దాటాక, నకిరేకల్ రాకముందు మా కట్టంగూర్ తగులుతుంది. పెద్దవాళ్ళకు అది ఇప్పటికీ తొమ్మిదో నంబరు రోడ్డే. ఇప్పుడు దాని సంఖ్య 65. 2012లో నాలుగు వరుసల పని పూర్తయ్యాక బండ్ల వేగం పెరిగింది. ఊరి బతుకు మాత్రం రోడ్డుకు రెండు పక్కలా అట్లాగే ఉండిపోయింది. ఇల్లు ఇవతల, చేను అవతల. బర్రెలు దాటాలి, బడిపిల్లలు దాటాలి, పత్తి వేసుకున్న ట్రాక్టర్ దాటాలి. యూటర్న్ దూరమని ఎదురుగా వచ్చే బైకులు పొద్దుగూకితే కనిపించవు. సంక్రాంతి ముందు పంతంగి, కొర్లపహాడ్ టోల్‌గేట్ల దగ్గర ఆగిన కార్లన్నీ, గేటు దాటగానే పోయిన సమయాన్ని వేగంతో రాబట్టుకోవాలని చూస్తాయి. మన నల్లగొండ జిల్లాలోనే, అన్నెపర్తి దగ్గర నార్కట్‌పల్లి-అద్దంకి దారిలో 2018 ఆగస్టు 29 పొద్దున నందమూరి హరికృష్ణ గారి కారు బోల్తా పడ్డ సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. ఆయనను తీసుకువచ్చింది నార్కట్‌పల్లి కామినేని ఆసుపత్రికే. పేరున్నవారు కాబట్టి లోకానికి తెలిసింది. పేరు లేనివాళ్ళు ఆ ఆసుపత్రి గేటు లోపలికి రోజూ వస్తూనే ఉంటారు.

ఈ రోడ్డు పక్కన పెరిగిన పిల్లలకు యాక్సిడెంట్ అంటే పేపర్లో చదివే వార్త కాదు. కొందరు పిల్లలు చూసి జడుసుకుంటారు. కొందరికి మాత్రం దగ్గరికి పోయి ఏదో ఒకటి చేయాలనిపిస్తుంది. ఈ రెండో రకం పిల్లల గురించే నా ప్రసంగం. మా మండలం అమ్మాయి ఒకామె ఇంటర్లో బైపీసీ, ఆ తర్వాత ఎమర్జెన్సీ మెడికల్ టెక్నాలజీలో డిగ్రీ చేసి, 108లో చేరబోయే ముందు నన్ను కలిసింది. "సార్, నేను ఫ్లైట్ పారామెడిక్ కావాలె. హెలికాప్టర్ల పోయి పేషెంట్‌ను తేవాలె. ఎక్కడ మొదలుపెట్టాలె?" అని అడిగింది. ఇంట్లోవాళ్ళు ఆ మాట విని నవ్వారట. నాకు నవ్వు రాలేదు. అత్యవసర విభాగంలో పనిచేసే డాక్టరుగా ఆ కోరిక విలువ నాకు తెలుసు, ఆ దారిలో ఉన్న మెట్లూ తెలుసు. "నువ్వు మొదలుపెట్టావు బిడ్డా, 108 బండి ఎక్కడమే మొదటి మెట్టు" అన్నాను. అట్లా ఎందుకన్నానో ఇవాళ వివరంగా చెప్తాను.

ముందు ఆ బండి లోపల ఏం జరుగుతుందో చూద్దాం. మీరు 108కి ఫోన్ చేస్తే అది హైదరాబాద్ శివార్లలో దేవరయాంజాల్‌లోని కేంద్రంలో మోగుతుంది. ఎక్కడ, ఏమైంది, ఎంతమంది అని అడిగి, దగ్గర్లో ఉన్న బండిని పంపుతారు. బండిలో ఇద్దరుంటారు. నడిపే మనిషిని అక్కడ పైలట్ అనే పిలుస్తారు. రెండో మనిషి ఈఎంటీ, అంటే ఎమర్జెన్సీ మెడికల్ టెక్నీషియన్. దిగగానే వాళ్ళు చూడవలసిన మొదటి సంగతి గాయం కాదు, తమకు ప్రమాదం ఉందా లేదా అని. రోడ్డు మీద డీజిల్ కారిందా, వెనక నుంచి లారీ వచ్చే వీలుందా, కరెంటు తీగ తెగిందా? ఆ తర్వాతే మనిషి. నెత్తురు ధారగా పోతుంటే ముందు దాన్ని ఆపాలి. నోట్లో నెత్తురో, విరిగిన పన్నో అడ్డుపడి ఊపిరి ఆడకపోతే దారి చేయాలి. మెడ కదలకుండా పట్టీ వేయాలి, విరిగిన కాలికి బద్ద కట్టాలి, ఒళ్ళు చల్లబడకుండా కప్పాలి. మందు ఇవ్వాల్సి వస్తే కేంద్రంలో ఉన్న డాక్టరుతో ఫోన్లో మాట్లాడి ఇవ్వాలి. ఇదంతా పదిమంది చుట్టూ మూగి "తొందరగా తీస్కపోండ్రి" అని అరుస్తుండగా చేయాలి. తొందరగా ఎత్తుకుపోవడమే సాయమని మనవాళ్ళ నమ్మకం. నెత్తురు ఆపకుండా ఎత్తుకుపోతే ఎంత వేగంగా పోయినా లాభం లేదు.

ఈ ఏర్పాటు మన కళ్ళముందే పుట్టింది. 2005 ఆగస్టు 15న, హైదరాబాద్ కేంద్రంగా ఈఎంఆర్‌ఐ అనే సంస్థ దీన్ని మొదలుపెట్టింది. అప్పట్లో దాని వెనక ఉన్నది సత్యం రామలింగరాజు. 2009లో ఆయన సత్యం కంపెనీ కుప్పకూలాక జీవీకే సంస్థ దాన్ని చేపట్టింది. చేతులు మారినా సైరన్ ఆగలేదు, తర్వాత చాలా రాష్ట్రాలకు పాకింది. అంతకు ముందు గాయపడ్డవాళ్ళు ఎట్లా పోయేవాళ్ళో మా పెద్దలు చెప్తారు: జీపులో, ట్రాక్టర్లో, దారిన పోయే లారీలో. అవి కూడా ఆపేవాళ్ళు కాదు, పోలీసు కేసు మెడకు చుట్టుకుంటుందని భయం. ఆ భయానికి ఇప్పుడు చట్టంలో తావు లేదు. గాయపడ్డవారికి సాయం చేసినవాళ్ళను వేధించకూడదని సుప్రీంకోర్టు 2016లో స్పష్టం చేసింది. 2019లో మోటారు వాహనాల చట్టానికి 134ఎ అనే సెక్షన్ చేరింది. మీ పేరు చెప్పమని కూడా ఎవరూ బలవంతం చేయడానికి వీల్లేదు. రోడ్డు పక్క ఊళ్ళవాళ్ళకు తప్పక తెలియాల్సిన చట్టం ఇది.

108 వచ్చినప్పుడు ఇంకో పెద్ద పని జరిగింది. పల్లెల నుంచి డిగ్రీ చదివి ఖాళీగా ఉన్న పిల్లలకు వారాల తరబడి తర్ఫీదు ఇచ్చి ఈఎంటీలుగా తయారుచేశారు. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం ఎమర్జెన్సీ డాక్టర్లు 2007 నుంచి ఇక్కడికి వచ్చి, పారామెడిక్‌లకు రెండేళ్ళ పీజీ కోర్సు రూపొందించడంలో చేయి కలిపారు. ఆ పనిలో ముందున్నది డాక్టర్ ఎస్.వి. మహదేవన్. ఒక విచిత్రం చూడండి. మన దేశంలో ఎమర్జెన్సీ మెడిసిన్‌ను వేరే వైద్యశాఖగా మెడికల్ కౌన్సిల్ గుర్తించింది 2009లో. అంటే డాక్టర్లలో ఆ శాఖ పూర్తిగా నిలబడకముందే, రోడ్డు మీద ఆ పని చేసే పిల్లలు మన తెలుగునాట వేల సంఖ్యలో తయారయ్యారు.

ఈ సంగతి తలుచుకున్నప్పుడల్లా నాకు అమెరికాలోని పిట్స్‌బర్గ్ గుర్తుకొస్తుంది. 1960లలో అక్కడ ఆంబులెన్స్ అంటే పోలీసు వ్యాను, లేదంటే శవాలు మోసే బండి. వెనక పడుకోబెట్టి తీసుకుపోవడమే, చూసేవాళ్ళుండరు. హిల్ డిస్ట్రిక్ట్ అనే నల్లవాళ్ళ వాడకు అది కూడా సరిగ్గా వచ్చేది కాదు. పీటర్ సఫర్ అనే మత్తుడాక్టరు అక్కడ పనిచేసేవాడు. ఆగిన ఊపిరిని, గుండెను మళ్ళీ నడిపే సీపీఆర్ పద్ధతికి పునాది వేసినవాళ్ళలో ఆయన ఒకడు. 1966లో ఆస్తమాతో సొంత కూతుర్నే పోగొట్టుకున్నాడు. మరుసటి ఏడాది ఆ వాడలో పనిలేక, పనికిరారని ముద్ర పడ్డ యువకులను పోగుచేసి, మూడు వందల గంటల శిక్షణ ఇచ్చి ఫ్రీడమ్ హౌస్ ఆంబులెన్స్ సర్వీస్‌ను నిలబెట్టారు. ఆసుపత్రి బయట శ్వాసనాళంలోకి గొట్టం వేయడం వంటి పనులు చేసిన మొదటివాళ్ళలో ఆ కుర్రాళ్ళున్నారు. తర్వాత నాన్సీ కెరొలిన్ అనే యువ డాక్టరమ్మ వాళ్ళకు పెద్దదిక్కయింది. అక్కడి అనుభవంతో ఆమె రాసిన పాఠ్యపుస్తకం పేరు పారామెడిక్‌లకు ఇప్పటికీ తెలుసు. 1975లో నగర పాలకులు ఆ సంస్థను మూసేశారు. అంత మంచి పనివాళ్ళను పక్కకు నెట్టిన తీరు చదివితే ఇప్పటికీ బాధ కలుగుతుంది. కానీ పారామెడిక్ అనే వృత్తికి ఒక రూపం వచ్చింది వాళ్ళ చేతుల్లోనే. పెద్ద చదువుల ఇళ్ళ నుంచి కాదు, పని దొరకని వాడల నుంచి. మా అమ్మాయికి ఈ కథ చెప్పింది అందుకే.

హెలికాప్టర్ ఈ పనిలోకి వచ్చింది యుద్ధం నుంచి. కొరియా యుద్ధంలో చిన్న బెల్ హెలికాప్టర్లు గాయపడ్డ సైనికులను బయటి వైపు కట్టిన స్ట్రెచర్ల మీద మోసుకొచ్చేవి. దారిలో ముట్టుకునే మనిషి ఉండడు, ఎగరడమొక్కటే. అయినా ప్రాణాలు దక్కాయి. ఆ పాఠాన్ని మామూలు జనానికి తెచ్చినవాళ్ళలో మేరీలాండ్‌లో ఆర్. ఆడమ్స్ కౌలీ అనే సర్జన్ ముఖ్యుడు. గాయపడ్డాక మొదటి గంటే బంగారు గంట అని ఊరూరా చెప్పిన మనిషి ఆయన. 1970లో ఆ రాష్ట్ర పోలీసుల హెలికాప్టర్లు రోడ్డు మీది క్షతగాత్రులను ఆయన ఆసుపత్రికి తేవడం మొదలుపెట్టాయి. 1972లో డెన్వర్ నగరంలో ఒక ఆసుపత్రి సొంతంగా హెలికాప్టర్ నడిపింది. లోపల రోగి పక్కన నర్సు, పారామెడిక్ కూర్చోవడం అక్కడ క్రమంగా మామూలైంది. బ్రిటన్‌లో డాక్టరు, పారామెడిక్ జోడీగా వెళ్తారు. 1989లో మొదలైన లండన్ ఎయిర్ ఆంబులెన్స్ సంగతి మా అమ్మాయికి మరీ మరీ చెప్పాను. రాత్రిపూట ఆ జట్టు హెలికాప్టర్ ఎక్కదు. అదే డాక్టరు, అదే పారామెడిక్, అవే సంచులు కారులో వేసుకుని పోతారు. హెలికాప్టర్ లేనంత మాత్రాన వాళ్ళ పనితనం తగ్గదు. వాళ్ళు నేర్చిన విద్య చేతుల్లో ఉంది, రెక్కల్లో లేదు.

అయినా పైకి వెళ్ళాక కొత్తగా నేర్వవలసింది లేకపోలేదు. అందులో సగం మీ పిల్లలు ఇంటర్లో చదివిందే. ఒత్తిడి తగ్గితే గాలి వ్యాకోచిస్తుందని బాయిల్ నియమం చెప్తుంది. విమానం లోపల ఎంత ఒత్తిడి నింపినా, అది దాదాపు ఎనిమిది వేల అడుగుల కొండ మీద ఉన్నట్టే ఉంటుంది. అక్కడ ఒంట్లో ఇరుక్కున్న గాలి సుమారు మూడో వంతు పెరుగుతుంది. ఆరోగ్యంగా ఉన్న మనిషికి చెవులు దిబ్బడ వేస్తాయి, అంతే. కానీ పక్కటెముక విరిగి, ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరిన మనిషిని ఊహించుకోండి. నేల మీద ఓర్చుకున్న ఆ గాలి పైకి వెళ్ళాక ఉబ్బి ఊపిరితిత్తిని, ఆపైన గుండెను నొక్కేస్తుంది. అందుకే ఎగిరే ముందే ఛాతీలో గొట్టం వేయాలి. గొంతులో వేసిన గొట్టానికి చివర చిన్న గాలిబుడగ ఉంటుంది. అది ఉబ్బితే శ్వాసనాళం గోడలు దెబ్బతింటాయి, కాబట్టి దాని ఒత్తిడిని కొలుస్తూ ఉండాలి. పేగుల్లో అడ్డం ఉన్నవాడికి కడుపు ఉబ్బి నొప్పి రెట్టింపవుతుంది. పైగా గాలిలో ఆక్సిజన్ ఒత్తిడి తగ్గుతుంది. కింద సరిపోయిన ఆక్సిజన్ పైన సరిపోదు. ఎన్ని సిలిండర్లు కావాలో నేల మీదే లెక్క కట్టుకోవాలి. లెక్క తప్పితే మధ్యలో కొనుక్కోవడానికి దుకాణం ఉండదు.

హెలికాప్టర్ అంత ఎత్తు పోదు కాబట్టి అక్కడ ఈ బాధ తక్కువ. దాని బాధ వేరు. ఆ చప్పుడులో స్టెతస్కోపు పనికిరాదు. గుండె, ఊపిరి వినిపించవు. కంటితో ఛాతీ కదలిక చూడాలి, వదిలిన గాలిలో కార్బన్ డయాక్సైడ్‌ను గీతగా చూపే యంత్రాన్ని చదవాలి, వేలితో నాడి పట్టాలి. అదురుకు మానిటర్ మీద గీతలు వణుకుతాయి. చోటు ఇరుకు, రోగి కాళ్ళ దగ్గరికి వెళ్ళడానికి కూడా వీలుండదు. అందుకని అనుభవం ఉన్నవాళ్ళంతా ఒకే పద్ధతి పాటిస్తారు: చేయాల్సినవన్నీ కిందనే చేసి, గొట్టాలూ సూదులూ గట్టిగా అతికించి, అప్పుడు ఎక్కిస్తారు. పైన చేసేది కనిపెట్టుకుని ఉండటమే. చూసేవాళ్ళకు ఎగరడం గొప్పగా కనిపిస్తుంది. మంచి జట్టుకు మాత్రం ఆ ప్రయాణమంతా ఏమీ జరగకపోవడమే గొప్ప.

మన మట్టిలో దొరికే అనుభవం ఆ పనికి ఎట్లా పనికొస్తుందో రెండు సంగతులు చెప్తాను. వానకాలం రాత్రుల్లో కట్లపాము కాటు వస్తుంది. కింద చాప మీద పడుకున్న మనిషికి కాటు నొప్పి కూడా తెలియదు, గాటు కూడా కనిపించదు. తెల్లవారుజామున కడుపునొప్పి అంటాడు, వాంతి అంటాడు. ఇంట్లోవాళ్ళు అజీర్తి అనుకుంటారు. కాసేపటికి కనురెప్పలు వాలిపోతాయి, మాట ముద్దవుతుంది, మింగలేడు. తర్వాత ఊపిరి కండరాలు పడిపోతాయి. ఆ వాలిన రెప్పను చూసి పాముకాటు అని పసిగట్టే ఈఎంటీ, ఆసుపత్రి చేరేదాకా మాస్కు పెట్టి అంబూ బ్యాగ్ నొక్కుతూ ఊపిరి పోయగలిగితే ఆ మనిషి బతుకుతాడు. ఆ మనిషి తెలివిలోనే ఉండి ఉండవచ్చు, కదలలేడు, అన్నీ వింటుంటాడు. ఊగుతున్న బండిలో ఒక చేత్తో మాస్కు జారకుండా పట్టుకుని, రెండో చేత్తో లయ తప్పకుండా నొక్కడం ఎవరూ పుస్తకంలో నేర్పలేరు. రేపు హెలికాప్టర్లో వెంటిలేటర్ మొరాయిస్తే, అప్పుడు అక్కరకొచ్చేది ఆ చేతులే.

రెండోది పురుగుల మందు. పత్తి చేలలో ఎదురుగాలికి మందు కొడుతూ పీల్చినవాళ్ళుంటారు, మనసు విరిగి తాగినవాళ్ళుంటారు. నోట్లో నురగ, చెమట, సూదిమొనంత కంటిపాప. తడిసిన బట్టలు తీసేయాలి, ఒళ్ళు కడగాలి, చేతులకు తొడుగులు వేసుకోవాలి, బండి కిటికీలు తెరవాలి. ఊపిరితిత్తుల్లో నీరు తగ్గేదాకా అట్రోపిన్ ఇవ్వాలి. గడ్డి మందు అయితే మళ్ళీ లెక్క వేరు. అందులో ఒక రకానికి ఆక్సిజన్ ఎక్కువ పెడితే ఊపిరితిత్తులకు ఇంకా చేటు. అందుకే డబ్బా వెంట తెమ్మని ఇంటివాళ్ళకు చెప్పాలి. ఇప్పుడు అదే రోగిని బట్టలు మార్చకుండా, కిటికీలు మూసిన హెలికాప్టర్ ఎక్కించారనుకోండి. ఆ ఆవిరి పీల్చి నడిపే పైలట్ కళ్ళు మసకబారితే అందరి ప్రాణాలూ పోతాయి. కట్టంగూర్ పిల్ల ఈ పాఠాన్ని విదేశీ కోర్సులో నేర్వక్కర్లేదు, మొదటి సంవత్సరంలోనే నేర్చుకుంటుంది. మాట వచ్చింది కాబట్టి చెప్తున్నాను. మనసు బరువెక్కి ప్రాణం మీద విరక్తి కలిగినవాళ్ళు 14416కు ఫోన్ చేయవచ్చు. టెలిమానస్ అంటారు, ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు. బతకాలని లేదనే మాటలు ఎవరి నోటి నుంచి విన్నా, వాళ్ళను ఒంటరిగా వదలకండి.

సరే, మన దేశంలో ఎగిరే పని ఎక్కడుంది? ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. మన దగ్గర ఎయిర్ ఆంబులెన్స్ అంటే ఎక్కువగా చిన్న విమానం. ఒక ఊరి ఆసుపత్రి నుంచి ఇంకో నగరపు పెద్ద ఆసుపత్రికి రోగిని మార్చడం దాని పని. 2008లో మామూలు విమానాలన్నీ శంషాబాద్‌కు మారాక, ఇటువంటివి బేగంపేటలో దిగే వీలుంది. లోపల సాధారణంగా ఒక డాక్టరు, ఒక నర్సు లేదా పారామెడిక్ ఉంటారు. ఖర్చు లక్షల్లో. అంత స్థోమత మన దగ్గర ఎందరికుంది? ప్రభుత్వ పక్షాన చెప్పుకోదగ్గవాటిలో ఒకటి రిషికేశ్ ఎయిమ్స్ హెలికాప్టర్ సేవ. 2024 అక్టోబరు 29న ప్రారంభమైంది. హిమాలయాల్లో రోడ్డు లేని ఊళ్ళకు అది నిజంగా అవసరం. 2025 మే 17న ఆ హెలికాప్టరే రోగి కోసం కేదార్‌నాథ్ వెళ్ళి, దిగేటప్పుడు తోక విరిగి పడింది. లోపలున్న ముగ్గురూ క్షేమంగా బయటపడ్డారు.

గాలిలో పనిచేసేవాళ్ళ మొదటి పాఠం ఇక్కడే ఉంది. 2009 సెప్టెంబరు 2న నల్లమలలో ఏం జరిగిందో మనకు వేరే చెప్పక్కర్లేదు. ముఖ్యమంత్రి వెళ్తున్న హెలికాప్టర్ కూడా కారుమబ్బు ముందు నిలవలేక కూలిపోయింది. మంచి హెలికాప్టర్ జట్లలో ఒక కట్టుబాటు ఉంటుంది. అందరూ సరేనంటేనే ఎగరాలి, ఒక్కరు వద్దంటే ఆగాలి. ఆ ఒక్కరు జట్టులో చిన్నవయసు పారామెడిక్ అయినా సరే, కారణం చెప్పమని నిలదీయరు. రోగి పరిస్థితి ఎంత దయనీయంగా ఉందో పైలట్‌కు చెప్పకుండా ఉండే పద్ధతి కూడా చాలాచోట్ల ఉంది. జాలితో కాకుండా వాతావరణం చూసి నిర్ణయించాలని. పెద్దవాళ్ళ ముందు వద్దు అనలేని పిల్లలకు ఇది కష్టమైన పాఠం. మన ఇళ్ళలో, మన బళ్ళలో ఆడపిల్లకు వద్దు అనడం మనం నేర్పం కదా. అమ్మాయికి ఈ సంగతి చెప్పినప్పుడు చాలాసేపు ఆలోచించింది.

వాతావరణం వద్దంటే వేరే దారి వెతకాల్సిందే. 2024 సెప్టెంబరు 1న ఖమ్మంలో మున్నేరు పొంగి, ప్రకాశ్‌నగర్ వంతెన మీద తొమ్మిదిమంది చిక్కుకుపోయారు. హెలికాప్టర్ కోసం ప్రయత్నాలు జరిగాయి, వాతావరణం అనుకూలించలేదు. చివరికి ఒక జేసీబీ డ్రైవరు తెగించి వరదలోకి వెళ్ళి వాళ్ళను తెచ్చాడు. అంతకు ముందు ఏడాది జులైలో భూపాలపల్లి జిల్లా వరదల్లో, నీటి నడుమ జేసీబీ మీద చిక్కుకున్న ఆరుగురిని వాయుసేన హెలికాప్టరే కాపాడింది. ఏ దారి తెరిచి ఉంటే ఆ దారి. 2021 ఫిబ్రవరి 2న మన ఉమ్మడి నల్లగొండ జిల్లా రైతు ఒకరి గుండెను, ఆయన కుటుంబం దానం చేస్తే, నాగోల్ నుంచి జూబ్లీహిల్స్ దాకా మెట్రో రైలు అరగంట లోపు చేర్చింది.

కట్టంగూర్ సంగతే లెక్క వేద్దాం. హైదరాబాద్ ఇక్కడికి సుమారు వంద కిలోమీటర్లు. హెలికాప్టర్ ఎగిరి రావడానికి అరగంట, పోవడానికి అరగంట. అనుమతి, వాతావరణం చూసుకోవడం, దిగడానికి తీగలు లేని చోటు వెతకడం, జనాన్ని దూరం జరపడం, ఇవన్నీ దానికి అదనం. ఈలోపు 108 నార్కట్‌పల్లి చేరి, రోగి ఆపరేషన్ టేబుల్ మీద ఉండవచ్చు. కాబట్టి ఈ రోడ్డుకు హెలికాప్టర్ కన్నా ముందు కావలసింది నిండా సరంజామా ఉన్న బండ్లు, వాటిలో బాగా నేర్చిన మనుషులు అని నా అభిప్రాయం. హెలికాప్టర్ నిజంగా కావలసిన చోటు మన పాలమూరు వైపే ఉంది. అమ్రాబాద్ అడవి లోపల, అప్పాపూర్ లాంటి చెంచు పెంటల్లో వానకాలం కాన్పు కష్టమైతే బండి వెళ్ళే దారి ఉండదు. ఎప్పటికైనా మన రాష్ట్రంలో ప్రభుత్వం అటువంటి సేవ మొదలుపెడితే, మొదటి హెలికాప్టర్ అక్కడికే పోవాలని కోరుకుంటున్నాను. అందులో కూర్చునే మనిషికి ఆ అడవి మాట, ఆ మనుషుల భయం తెలిసి ఉండాలి. ఢిల్లీ నుంచి వచ్చినవాళ్ళకు అవి తెలియవు.

ఇక మెట్లు. బైపీసీ తర్వాత డిగ్రీ స్థాయి కోర్సు చేయడం మంచిది. 2021లో వచ్చిన జాతీయ అలైడ్, హెల్త్‌కేర్ వృత్తుల చట్టంలో ఎమర్జెన్సీ మెడికల్ టెక్నాలజిస్టుకు, అంటే పారామెడిక్‌కు, చోటు దొరికింది. అందులో హెల్త్‌కేర్ ప్రొఫెషనల్ అనే హోదాకు కనీసం 3,600 గంటల చదువు కావాలి. రేపు అన్ని రాష్ట్రాల్లో రిజిస్ట్రేషన్ పక్కాగా అమలైతే ఆ గంటలకే విలువ ఉంటుంది. ఆ తర్వాత ప్రాణాపాయంలో ఆదుకోవడం నేర్పే బీఎల్‌ఎస్, ఏసీఎల్‌ఎస్ కోర్సులు, గాయాల మీద ప్రత్యేక కోర్సు. ఆపైన 108లోనో, రద్దీ ఉన్న ఎమర్జెన్సీలోనో మూడేళ్ళు తక్కువ కాకుండా పని. అమెరికాలో కూడా ఎగిరే జట్లు సాధారణంగా అడిగేది ఆ అనుభవాన్నే. తర్వాత ఐసీయూలో కొంతకాలం ఉండి వెంటిలేటర్, మందుల పంపులు చేతికి అలవాటు కావాలి. ఎందుకంటే మన దేశంలో విమానమెక్కే రోగి ఎక్కువగా ఐసీయూ రోగే. ఫ్లైట్ పారామెడిక్‌కంటూ అమెరికాలో ఎఫ్‌పీ-సీ అనే పరీక్ష ఉంది. గల్ఫ్ దేశాల్లో పనికి పోవాలంటే సర్టిఫికెట్ల తనిఖీ, లైసెన్సు పరీక్ష తప్పవు. కొన్ని వారాల్లో ఫ్లైట్ పారామెడిక్‌ను చేస్తామని లక్షలు అడిగేవాళ్ళు మీ ఇంటికొస్తే, డబ్బు కట్టకండి. ఎకరం అమ్మి ఆ కాగితం కొనకండి. నేల మీద చూసిన రోగుల లెక్క లేకుండా ఆ కాగితానికి ఎవరూ సీటు ఇవ్వరు.

ఈ దారిలో జీతం తక్కువ, షిఫ్టు పెద్దది. రాత్రి డ్యూటీ చేసి పొద్దున నిద్రపోతున్న ఆడపిల్లను "పగలు పండుకుంటది" అని వాడకట్టు మాట అంటుంది. నెత్తురు చూసి వచ్చిన రోజు అన్నం సయించదు. చనిపోయిన పసిబిడ్డను మోసిన రోజు ఎవరితోనైనా మాట్లాడాలి, అడగకపోయినా కూర్చోబెట్టి మాట్లాడించాలి. ఈ పనివాళ్ళు జీతం గురించి, పనిగంటల గురించి అడిగే మాటలు న్యాయమైనవి. అలసిన మనిషి చేతిలో మందు లెక్క తప్పితే నష్టపోయేది మనమే.

ఆ అమ్మాయి ఇప్పుడు 108లో పనిచేస్తోంది. ఆమెలాంటివాళ్ళకు మీ వైపు నుంచి కావలసినవి కొన్ని ఉన్నాయి, రాసుకోండి. ఫోన్ చేసినప్పుడు ఊరి పేరొక్కటే చెప్తే చాలదు. రోడ్డు పక్కన కిలోమీటరు రాయి మీద ఉన్న అంకె చెప్పండి. ప్రమాదం హైదరాబాద్ వైపు పోయే దారిలోనా, విజయవాడ వైపు పోయే దారిలోనా చెప్పండి. నడుమ డివైడర్ ఉంది కాబట్టి అది చెప్పకపోతే బండి యూటర్న్ దాకా పోయి తిరిగి రావాలి. ఎంతమందికి తగిలింది, ఎవరికైనా ఊపిరి ఆడటం లేదా, ఎవరైనా బండి కింద ఇరుక్కున్నారా చెప్పండి. చెప్పి వెంటనే పెట్టేయకండి, వాళ్ళు అడిగేవన్నీ అయ్యేదాకా ఉండండి. నెత్తురు కారుతుంటే శుభ్రమైన కండువా మడిచి గట్టిగా అదిమి పట్టుకోండి, మాటిమాటికి తీసి చూడకండి. నోట్లో నీళ్ళు పోయకండి. మంట, పొగ ఉంటే తప్ప మనిషిని కాళ్ళూ చేతులూ పట్టి లాగకండి. చీకటైతే ఒకరు వెనక్కు నడిచి, వచ్చే బండ్లకు సెల్‌ఫోన్ లైటు ఊపండి. నంబర్లు రెండు: 108, జాతీయ రహదారి మీదైతే 1033 కూడా.